అంచు విరిగిన గిన్నె

తెల్లారేసరికి తామ్ పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ఊక మంట మీద పెద్ద బాన, బాన మూతికి బిగించి కట్టిన గుడ్డ, గుడ్డ మీద గరిటెడు బియ్యప్పిండి జావ. కొబ్బరిచిప్ప గరిటె అడుగుతో జావను గుండ్రంగా తిప్పి, మూత పెట్టి, తీసి, దాని మీద ఇంకో పొర పోసి మళ్లీ మూత పెడుతుంది. త్రాంగ్ బాంగ్‌లో అందరూ ఇలా రెండు పొరల బియ్యపు రేకులే చేస్తారు. కానీ తన రేకంత సమంగా ఇంకెవరి చేతా రాదని తామ్ నమ్మకం. ఆ మాట ఎవరూ కాదనరు, కాదంటే సాయంత్రం దాకా వినాల్సి వస్తుంది కాబట్టి.

ఆ రోజు మాత్రం రెండో పొర ఒక పక్కకు మందంగా పడింది. చేయి పొయ్యి దగ్గరా, చూపు పెరట్లోనూ ఉంటే అలాగే అవుతుంది. పెరట్లో కోడలు లువా ఆరో నెల కడుపుతో వెదురు తడికల మీద రేకులు పరుస్తోంది. ఒక తడిక నింపడం, నడుం పట్టుకుని నిలబడడం, ఇంటి వైపు చూడడం. మళ్లీ ఇంకో తడిక. అన్నిసార్లు ఇంటి వైపు చూడవలసిన అవసరం ఏముందో తామ్‌కు అర్థం కాలేదు.

ఇంట్లో కొడుకు ఖాయ్ ఊయల మంచంలో పడుకుని ఉన్నాడు. వారం నుంచి తిండి సయించడం లేదు. నిన్న కళ్లు పసుపు ముద్దల్లా కనిపిస్తే వీధి చివరి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడి నర్సు రక్తం తీసి చూసి, హెపటైటిస్ బి అంది. సోమవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని, ఈలోగా మగతగా ఉన్నా, మాట తడబడినా ఒక్క పూట కూడా ఆగొద్దని చెప్పింది. మిగతాదంతా పక్కింటి తూ వచ్చి చెప్పింది.

"ఏంటి వదినా, ఖాయ్‌కి కాలేయం జబ్బటగా?" తూ వచ్చీ రాగానే పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"నీకప్పుడే ఎవరు చెప్పారు?"

"వీధంతా అనుకుంటున్నారు. అది ఎంగిలి జబ్బు వదినా. ఒకరి గిన్నెలోంచి ఇంకొకరికి అంటుకుంటుంది."

"మా వంశంలో ఎవరికీ లేదు."

"అదే నేనూ అంటున్నా. మీ వంశంలో లేనివాళ్లు ఈ ఇంట్లో ఎవరున్నారో నువ్వే చూసుకో."

తూ గొంతు తగ్గించలేదు. తడికల దగ్గర లువా చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. వినబడిందన్నమాట. వినబడీ నోరెత్తలేదంటే, తామ్ లెక్క ప్రకారం, తప్పు ఉన్నట్టే. నోరెత్తి ఉంటే అప్పుడూ తప్పు ఉన్నట్టే అనుకునేది, అది వేరే సంగతి.

లువా పుట్టింటి ఊరు బెన్ త్రే. పెళ్లికి ముందు బట్టల కంపెనీలో కుట్టుపని చేస్తూ పదిమంది ఆడపిల్లలతో ఒకే గదిలో ఉండేది. ఎవరెవరి గిన్నెల్లో తిందో, ఎవరెవరి పక్కన పడుకుందో ఎవరికి తెలుసు? ఖాయ్ ఆ పిల్లను ఇంటికి తెచ్చిన రోజే తామ్ ఆమెను తలనుంచి కాళ్లదాకా చూసి, "మెడ సన్నం, మాట సన్నం, కడుపులో ఏముందో మాత్రం కనబడదు" అంది. ఇప్పుడు కనబడుతోంది అనుకుంది.

మధ్యాహ్నం భోజనానికి చాప పరిచారు. ఉడికించిన పందిమాంసం, ఆకుకూరలు, రాత్రి మంచుకు పెట్టి మెత్తబరిచిన రేకులు. మధ్యలో చేపసారం గిన్నె. ఆ ఇంట్లో తాతల కాలం నుంచీ అది ఒక్కటే గిన్నె. అందరూ రేకులో మాంసమూ ఆకులూ చుట్టి అందులోనే ముంచుకోవాలి. తామ్ లేచి వెళ్లి అటక మీంచి అంచు విరిగిన చిన్న గిన్నె ఒకటి దించి, కడిగి, అందులో చేపసారం పోసి లువా ముందు పెట్టింది. పెద్ద గిన్నెను తన వైపుకు జరుపుకుంది.

ఖాయ్ ఊయలలోంచి తలెత్తి, "ఏంటమ్మా అది?" అన్నాడు.

"నీ ఆరోగ్యం కోసమేరా. నువ్వు పడుకో."

"జబ్బు నాకు కదా. గిన్నె దానికెందుకు వేరు పెట్టావు?"

"పడుకోమన్నానా?"

లువా చుట్టిన రేకు చిన్న గిన్నెలో ముంచి, విరిగిన అంచు పెదవికి తగలకుండా తిప్పి పట్టుకుని తింది. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి తామ్‌కు కాస్త ఊరట కలిగింది. ఆ ఊరట కలిగినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది గానీ, దాన్ని మాంసం ముక్కతో పాటు మింగేసింది.

మర్నాడు లువా గంజి కాచి తెచ్చింది. ఖాయ్‌కి ఒక గిన్నె, అత్తకు ఒక గిన్నె. తామ్ తన గంజి తాగలేదు. వాసన చూసి, పక్కన పెట్టి, కోడలు పెరట్లోకి వెళ్లాక బాతులకు పోసింది. పోసి, బాతులను చాలాసేపు చూస్తూ నిలబడింది. అవి గంజి తాగి, ఇంకా కావాలని అరిచాయి. వాటికేమీ కాలేదు. అయినా బాతు కడుపూ మనిషి కడుపూ ఒకటి కాదు కదా అనుకుంది.

అలా నిలబడినప్పుడే చూసింది. నీళ్ల కూజాల వెనక లువా వంగి, ఏదో చిన్న పొట్లం తీసి, చుట్టూ చూసి, రవికెలో దోపుకుంది.

ఏమిటా పొట్లం? మంత్రించిన బూడిదా? మందు పెట్టడానికేమో. బెన్ త్రే వైపు అలాంటివి చేసేవాళ్లు ఉన్నారని తూ ఎన్నోసార్లు చెప్పింది. కోడలు బట్టలు ఉతకడానికి కాలవ గట్టుకు వెళ్లగానే తామ్ వాళ్ల గదిలో దూరింది. పరుపు ఎత్తి చూసింది, దిండు గలీబు తిరగేసింది, పెట్టె అడుగున చేయి పెట్టి తడిమింది. పుట్టబోయే బిడ్డ కోసం కుట్టిన చిన్న చొక్కాలు చేతికి తగిలాయి. వాటిని మడత చెడకుండా మళ్లీ పెట్టేసింది. పొట్లం దొరకలేదు. ఇంకొకటి కూడా దొరకలేదు. ఖాయ్‌కి తను ఇచ్చిన మందుడబ్బా.

ఆ మందు లాంగ్ వైద్యుడిది. సైకిల్ మీద వస్తాడు, బోర్డూ లేదు, దుకాణమూ లేదు. తేనెతో ముద్దకట్టిన నల్లటి ఉండలు. పూటకు రెండు మింగితే మోకాళ్ల నొప్పులూ నడుం నొప్పీ ఎక్కడివక్కడ మాయం. తామ్ రెండేళ్లుగా వాటి మీదే పొయ్యి ముందు కూర్చోగలుగుతోంది. పిండి బస్తాలు మోసి ఖాయ్ నడుం పట్టేస్తే, నిరుడు వానల్లో వాడికీ మొదలుపెట్టించింది. వాడికి ఆకలి పెరిగింది, బుగ్గలు వచ్చాయి, ముఖం నిండు చందమామలా గుండ్రంగా అయింది. వీధిలో అందరికీ చూపించుకుని మురిసిపోయింది తామ్. ఈ మధ్యే మళ్లీ బుగ్గలు పీక్కుపోవడం మొదలైంది.

ఊయల దగ్గరకు వెళ్లింది. "ఒరే, ఉండలు మింగుతున్నావా?"

ఖాయ్ కళ్లు తెరిచాడు. వాకిలి వైపు చూశాడు. అప్పుడే తడి బట్టల బుట్టతో లువా లోపలికి వస్తోంది. మొగుడూ పెళ్లాల చూపులు ఒక్క లిప్త కలిశాయి.

"ఆఁ, మింగుతున్నానమ్మా," అన్నాడు ఖాయ్.

అబద్ధం. పుట్టిన దగ్గర్నుంచీ వాడు అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు. ఇప్పుడూ గోక్కున్నాడు. నా కొడుకు చేత నాకే అబద్ధం చెప్పిస్తోంది అనుకుని తామ్ బయటికి వచ్చేసింది. వస్తూనే తూ ఇంటికెళ్లి, వాళ్ల ఫోన్ నుంచి బెన్ త్రేకి మాట్లాడింది. లువా అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోవాలి. పురుడు అక్కడే పోసుకోవాలి. తర్వాత సంగతి తర్వాత. అవతల ఆ అన్న, "ఏం తప్పు చేసిందండీ మా పిల్ల?" అని అడిగాడు. "వచ్చాక మాట్లాడదాం" అని తామ్ ఫోన్ పెట్టేసింది.

ఆ సంగతి ఆమె లువాకు చెప్పలేదు. కానీ సాయంత్రం ఆరిన రేకులు తడికల మీంచి ఒలుస్తూ లువానే అంది. "నన్ను పంపెయ్యకండి అత్తయ్యా."

"ఎవరు చెప్పారు?"

"తూ అత్త గోడ మీంచి చెప్పింది. నవ్వుతూ చెప్పింది. ఆయన లేచి తిరిగేదాకా ఉండనివ్వండి. తర్వాత మీరే పొమ్మంటే పోతాను."

ఒక రేకు ఆమె చేతిలో చిరిగింది. రేకు చిరిగితే తామ్ ఊరుకోదు, ఎవరినైనా సరే కడిగేస్తుంది. ఈసారి మాత్రం ఆ చిరిగిన రేకు తీసుకుని బుట్టలో పడేసింది. రవికెలోని ఆ పొట్లం మీదే ఆమె చూపంతా.

ఆదివారం పొద్దున ఖాయ్ తల్లిని చూసి, "పిండి నానబెట్టావా తాతా?" అన్నాడు. తాత పోయి ఎన్నేళ్లో అయింది. లువా పరుగెత్తి వీధిలో వ్యాను ఆపింది. సోమవారం దాకా ఆగలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ హాన్ అనే ఆవిడ చూసింది. కళ్లకింద నల్లటి చారలు, మాటలో తొందర. ఖాయ్‌కి సూదులు పెట్టించి, రక్తం పంపించి, ఇంట్లో ఉన్న ఇద్దరి రక్తమూ ఇమ్మంది. అత్తాకోడళ్లు ఒకరి పక్కన ఒకరు చేతులు చాపి కూర్చున్నారు. ఇప్పుడు తేలుతుంది అనుకుంది తామ్, కోడలి చేతిలోంచి సీసాలోకి దిగుతున్న రక్తాన్నే చూస్తూ. దానికి రంగేమైనా తేడాగా ఉందేమోనని చూసింది. తన రక్తం లాగే ఉంది.

"ఇతనేమైనా మందులు వాడాడా?" డాక్టర్ అడిగింది. "నాటుమందులు, పసర్లు, నొప్పుల బిళ్లలు? ఏదైనా సరే చెప్పండి. దాచకండి, దాన్ని బట్టే వైద్యం."

"ఏమీ వాడలేదమ్మా," అంది తామ్ వెంటనే. లాంగ్ వైద్యుడి పేరు చెబితే ఆయన మీదికి వస్తుంది. ఆయన రాకపోతే తన మోకాళ్లు లేవవు. పైగా ఆ ఉండల్లో ఏముంది, వేళ్లూ తేనే తప్ప.

లువా అత్త ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత రవికెలో చేయిపెట్టి పొట్లం తీసి డాక్టర్ బల్ల మీద విప్పింది.

నల్లటి ఉండలు. తేనె మెరుపు ఇంకా పోలేదు.

"ఇవి వాడాడండీ, నిరుడు వానల నుంచి," అంది లువా. "ముఖం ఉబ్బిపోయింది, వేలితో నొక్కితే చాలు ఒళ్లు కమిలిపోయేది. మా కంపెనీలో ఒకమ్మాయి ఇలాంటివే మింగి ఆసుపత్రి పాలైంది. అందుకని నెలన్నర కింద నేనే దాచేశాను. అత్తయ్యకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టేయించుకున్నాను. మానేశాకే కళ్లు పచ్చబడ్డాయి. ఎవరికైనా చూపిద్దామని ఇవి పారేయకుండా ఉంచుకున్నా. నా వల్లే అయిందా డాక్టర్ గారూ?"

డాక్టర్ ఒక ఉండ చిదిమి వాసన చూసి, తల పంకించి, దాన్ని పరీక్షకు పంపింది. ఇలాంటి ఉండలు ఆమె బల్ల మీదికి కొత్తగా వచ్చినవి కావని ఆ తల పంకించడంలోనే తెలిసింది.

రక్తాల సంగతి మధ్యాహ్నానికి తెలిసింది. డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ముందు నీ సంగతి," అంది లువాతో. "నీకు జబ్బు లేదు. ఒకప్పుడు వచ్చింది, నీ ఒళ్లే తరిమేసింది. ఇక మళ్లీ రాదు. పెళ్లయ్యాక ఎప్పుడైనా బాగా నీరసపడ్డావా? తిండి సయించక, కళ్లు పచ్చబడి?"

"మొదటి ఏడాది అండీ. ఇరవై రోజులపైనే లేవలేకపోయాను."

తామ్‌కు ఆ రోజులు గుర్తున్నాయి. తడికలు ఎండలో అలాగే ఉండిపోతే, గడపలో నిలబడి, "కడుపూ లేదు, కాన్పూ లేదు, ఈ నాటకాలేంటి" అని వీధికి వినబడేలా అరిచింది. లువా గోడకు చేయి ఆనించుకుంటూ లేచి వచ్చి తడికలు మోసింది. ఆ పచ్చదనం అప్పుడు ఆమె కంటపడలేదు. పడినా బద్ధకం రంగు అనుకుని ఉండేది.

"పెద్దయ్యాక సోకితే చాలామంది ఒళ్లు ఇలాగే తరిమేస్తుంది," అంది డాక్టర్. "నీకు బహుశా మీ ఆయన దగ్గర్నుంచే వచ్చుంటుంది."

"వాడికెక్కడిదమ్మా?" తామ్ గొంతు తనకే వినబడనంత చిన్నగా ఉంది. "వాడికెవరిచ్చారు?"

"మీ రక్తంలో కూడా ఉంది పెద్దమ్మా. అతను పుట్టినప్పుడే చేరి ఉంటుంది. ఎంగిలి వల్లో గిన్నెల వల్లో అంటుకునే జబ్బు కాదిది. అప్పట్లో పుట్టగానే వేసే టీకా లేదు కదా. మీకు మీ అమ్మగారి దగ్గర్నుంచి వచ్చుండొచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"మరి ఇన్నేళ్లూ ఏమీ కాలేదేం?"

డాక్టర్ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. ఇప్పటిదాకా ఉన్న తొందర కాస్త తగ్గింది.

"ఈ జబ్బు తెచ్చే పురుగు కాలేయాన్ని తినదు పెద్దమ్మా. ఓ మూల గదిలో అద్దెకున్నవాడిలా పడుంటుంది. పుట్టుకతోనే చేరితే ఒంట్లో కాపలా కాసేవాళ్లు కూడా ఇంటిమనిషే అనుకుని వదిలేస్తారు. ముప్పై ఏళ్లు అలాగే గడిచిపోవచ్చు. ఎప్పుడో వాళ్లకు అనుమానం పుడుతుంది. పట్టుకోవాలని గదులన్నీ పగలగొడతారు. కాలేయం పాడయ్యేది ఆ పురుగు వల్ల కాదు, ఆ కాపలావాళ్ల వల్ల."

తామ్ కళ్లార్పకుండా వింటోంది.

"ఈ ఉండల్లో కాపలావాళ్లను నిద్రపుచ్చే మందు కలుపుతారు. నొప్పులు తగ్గేది అందుకే, ముఖం ఉబ్బేదీ అందుకే. వాళ్లు నిద్రపోయినంత కాలం పురుగు ఇల్లంతా నిండిపోయింది. మందు ఆగింది, అందరూ ఒక్కసారి లేచారు. ఎటు చూసినా శత్రువే. ఇక ఇల్లు మిగులుతుందా?"

"అంటే మానిపించడమే తప్పయిందా?" లువా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

ఇన్నాళ్లూ తామ్ వెతికింది దీనికోసమే. దిండు గలీబుల్లో, గంజిలో, పెట్టె అడుగున వెతికిన నేరం ఇప్పుడు ఆ పిల్లే తెచ్చి ముందు పెట్టింది. అవును, నువ్వే అని ఒక్క మాట అంటే చాలు. బెన్ త్రే నుంచి అన్న బయలుదేరే ఉంటాడు కూడా.

తామ్‌కు తన తల్లి గుర్తొచ్చింది. పొట్ట కూజాలా ఉబ్బి, కళ్లు పచ్చబడి చనిపోయింది. ఆ రోజు కూడా అందరూ ఇంటి పెద్ద కోడలైన వదిన వైపే వేలు చూపించారు. చీకటిపడేలోగా మూట సర్దుకుని ఆ వదిన పడవెక్కుతుంటే, పిల్ల తామ్ గట్టు మీద నిలబడి ఉమ్మింది.

"దాచింది ఈ పిల్లే," అంది తామ్. "కానీ తెచ్చి నోట్లో పెట్టింది నేనండీ. లాంగ్ అని సైకిల్ మీద వచ్చి అమ్ముతాడు. ఇందాక మీరడిగితే లేదన్నాను. అది అబద్ధం. నేను కూడా రెండేళ్లుగా మింగుతున్నాను, ఇవాళ పొద్దున కూడా."

డాక్టర్ తలెత్తింది. "మీరు కూడానా? అయితే మీరసలు ఒక్కసారిగా మానొద్దు. నేనిచ్చే బిళ్లలతో కొద్దికొద్దిగా తగ్గించాలి. పురుగు రెచ్చిపోకుండా ఇంకో బిళ్ల, అది రోజూ వేసుకోవాలి." తర్వాత లువా వైపు తిరిగింది. "మానాల్సిన మందేనమ్మా అది. ఎలా మానాలో నీకెవరు చెప్పారు కనక? ఈ పొట్లం నువ్వు తేకపోతే ఇంకో రెండు రోజులు చీకట్లో తడుముకునేదాన్ని. బిడ్డకు పుట్టిన రోజే టీకా వేయించడం మాత్రం మర్చిపోకు."

"వాడు బతుకుతాడా?" అని అడిగింది తామ్.

"మందు ఇవాళే మొదలుపెట్టాం. రెండు మూడు రోజులు చూడాలి," అంది డాక్టర్. అంతకు మించి చెప్పలేదు.

ఆ రెండు మూడు రోజులూ అత్తాకోడళ్లు వరండాలో ఒకే చాప మీద పడుకున్నారు. లువా పొద్దునా సాయంత్రమూ బిళ్ల తెచ్చి అరచేతిలో పెడితే, తామ్ అదేమిటో చూడకుండా మింగింది. మంగళవారం సాయంత్రం ఖాయ్ కళ్లు తెరిచి, "బాతులకు మేత ఎవరు పెడుతున్నారమ్మా?" అన్నాడు. తామ్ ముఖం తిప్పుకుని ఏడ్చింది. లువా నవ్వింది, పెళ్లయ్యాక అత్త ఎదుట గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

లువా అన్న వచ్చాడు. తామ్ అతన్ని ఆసుపత్రి మెట్ల మీదే ఆపి, తను ఫోన్ చేసింది పొరపాటని, చెల్లెల్ని పంపనని చెప్పింది. పొరపాటు ఏమిటో చెప్పడానికి నోరు రాలేదు. అతను రాత్రికి ఖాయ్ దగ్గర తనుంటానన్నాడు, ఆడవాళ్లిద్దర్నీ ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చమన్నాడు.

ఇంట్లో బాతులు మండిపడుతున్నాయి. తడికల మీద ఆదివారం నాటి రేకులు ఎండి గలగలలాడుతున్నాయి. తూ గోడ మీంచి తలెత్తి, "ఏమైంది వదినా, ఎవరి దగ్గర్నుంచి అంటుకుందో తేలిందా?" అంది.

"తేలింది," అంది తామ్. "నా దగ్గర్నుంచి. గిన్నెలోంచి కాదు, కడుపులోంచి. వెళ్లి వీధంతా చెప్పు."

తూ తల గోడ వెనక్కి దిగిపోయింది.

చాప పరిచి, కాసిన్ని ఆకులూ, మిగిలిన రేకులూ, రెండు ఉడికించిన గుడ్లూ పెట్టారు. తామ్ లేచి మధ్యలో పెద్ద గిన్నె పెట్టింది. తర్వాత అంచు విరిగిన చిన్న గిన్నెలో చేపసారం పోసి తన ముందు పెట్టుకుంది. ఆ పని చేసేటప్పుడు కోడలు వారిస్తుందనీ, అయ్యో అత్తయ్యా అంటుందనీ, అంతటితో విషయం సర్దుకుంటుందనీ ఆమెకు లోలోపల ఆశ ఉంది.

లువా చేయి చాపింది. "ఆ గిన్నె నాది అత్తయ్యా. ఇటివ్వండి."

"ఇది నాకేనమ్మా. జబ్బు నాది కదా."

"గిన్నెతో జబ్బు రాదని డాక్టరమ్మ మీ ముందే చెప్పింది. మీరు ఇది నాకిచ్చింది జబ్బు చూసి కాదు." కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "ఆ రెండు రోజులూ ఇందులోనే తిన్నాను. నాకు అలవాటైపోయింది."

గిన్నె తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. విరిగిన అంచు అవతలికి తిప్పి, రేకు చుట్టి, ముంచుకుని తినసాగింది.

పెద్ద గిన్నె చాప మధ్యలో ఒక్కటే ఉండిపోయింది. తామ్ దాని వైపు చూసింది. అందులో ముంచుకోవడానికి తనొక్కతే. ఒక రేకు తీసుకుని గుడ్డు ముక్కా ఆకులూ పెట్టి చుట్టింది. రోజుకు వందల రేకులు తిప్పే చేతిలో ఆ ఒక్క రేకు విడిపోతే, మళ్లీ చుట్టింది. మాట కోసం వెతికింది. క్షమించు అనే మాట ఆ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లతో అనగా ఆమె ఎన్నడూ వినలేదు.

మోకాళ్ల మీద కొంచెం ముందుకు జరిగింది. నొప్పి కలుక్కుమంది. చేయి చాచి, కోడలి ఒళ్లో ఉన్న గిన్నెలో, విరిగిన అంచు వైపునుంచి, తన రేకు ముంచి ఆగింది.

లువా నమలడం ఆపింది. గిన్నెను అత్తవైపు జరపలేదు. వెనక్కీ తీసుకోలేదు.

తామ్ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.